అనుమానం ఉందని రాస్తే, కాదన్నానని చదివారు

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరానికి సారాంశం ఇది.

ఆమె డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివారు. ఇప్పుడు ఒక ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేస్తున్నారు. అక్కడ మెయిళ్లు, మీటింగులు అన్నీ ఇంగ్లీషులోనే. ఈమధ్య నెలవారీ రిపోర్టులో అంకెలు తేడా వస్తుంటే, కొత్తగా వాడుకలోకి తెచ్చిన షీట్ వల్లే ఇలా జరుగుతోందని ఆమెకు అనుమానం వచ్చింది. వెంటనే టీమ్ అందరికీ ఒక మెయిల్ పెట్టారు: “ఐ డౌట్ దట్ ద న్యూ షీట్ ఈజ్ కాజింగ్ ద ఎర్రర్.” చదివినవాళ్లు కొత్త షీట్‌ను వదిలేసి మిగతావన్నీ వెతికారు. చివరికి తప్పు ఆ షీట్‌లోనే దొరికింది. “షీట్ వల్ల కాదని మీరే రాశారు కదా” అని మేనేజరు అందరి ముందూ అడిగితే ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. అందరికంటే ముందు తప్పు పసిగట్టింది తనే, మాట పడిందీ తనే.

ఆ మీటింగులోనే ఇంకొకరు ఆమె మాటను మధ్యలో ఆపి, “ఐ యామ్ థింకింగ్ దట్” అనకూడదని, “ఐ థింక్” అనాలని సరిదిద్దారట. మరో రోజు “డు యు థింక్ వెన్ ద రిపోర్ట్ విల్ కమ్?” అని అడిగితే అవతలివారు నవ్వారట. ఇంగ్లీషు టీచరుగా పనిచేసే అన్నయ్య “థింక్, బిలీవ్ తరువాత దట్ లేకపోతే అది వాక్యమే కాదు” అంటారు. పక్క సీటులోని స్నేహితురాలు “దట్ పెడితే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది, తీసెయ్” అంటుంది. మేనేజరేమో “మీ మెయిల్‌లో ఐ థింక్ అన్న మాటే కనపడకూడదు, గట్టిగా రాయండి” అన్నారు. ఇప్పుడు ఆమె మీటింగుల్లో నోరు విప్పడం మానేశారు. నాలుగు ముక్కల మెయిల్ పంపాలన్నా టెన్షనే. పాత మెయిళ్లు కొన్ని ఉత్తరానికి జతచేసి, “వీళ్లలో ఎవరి మాట వినాలి? జరిగింది మేనేజరుకు చెప్పుకోవాలా, వదిలేయాలా? ఏదైనా కోర్సులో చేరమంటారా?” అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది: పరీక్షలకు భయపడుతున్న తమ్ముడికి “ఐ బిలీవ్ యు” అని మెసేజ్ పెట్టాలా, “ఐ బిలీవ్ ఇన్ యు” అనా?

సమాధానం:

మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది ఆ మెయిల్ కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. మీ పరిశీలన సరైనదే. మీ వాక్యంలో దట్ ఉండాల్సిన చోటే ఉంది, ఈజ్ సరిగ్గానే ఉంది, వ్యాకరణపరంగా వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తప్పల్లా ఒక్క క్రియలో ఉంది. అది కూడా తెలుగులో ఆలోచించే ఎవరికైనా జరిగే తప్పే.

తెలుగులో అనుమానం అటూ ఇటూ రెండు వైపులా మొగ్గుతుంది. “షీట్ వల్లే తప్పు వస్తోందని అనుమానం” అంటే మన మనసు అవును వైపు ఉంది. “షీట్ వల్ల వస్తోందో లేదో, అనుమానమే” అంటే కాదేమో వైపు ఉంది. అనుమానం అన్న మాట రెండింట్లోనూ మారలేదు. ఎటు మొగ్గామో చెప్పేది దానికి ముందున్న చిన్న వాక్యం చివర: ఒకచోట “అని”, ఇంకోచోట “ఓ”. ఇంగ్లీషులో ఈ పని క్రియ చేస్తుంది. మొదటిదానికి “సస్పెక్ట్”, రెండోదానికి “డౌట్”. “ఐ సస్పెక్ట్ దట్ ద న్యూ షీట్ ఈజ్ కాజింగ్ ద ఎర్రర్” అంటే షీట్ వల్లే అని నా అనుమానం. “ఐ డౌట్ దట్ ద న్యూ షీట్ ఈజ్ కాజింగ్ ద ఎర్రర్” అంటే షీట్ వల్ల అని నేను అనుకోవడం లేదు. ఒక్క మాట మారితే వాక్యం పూర్తిగా తిరగబడింది. మీ టీమ్ వాళ్లు మీ మాట పెడచెవిన పెట్టలేదు. మీరు రాసినదాన్ని నమ్మే షీట్‌ను వదిలేశారు. ఇది మీరు గమనించాలని నా కోరిక, ఎందుకంటే “నా మాటకు విలువ లేదు” అని ఉత్తరంలో ఒకటికి రెండుసార్లు రాశారు. జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

మీరు వాడిన అర్థం ఇంగ్లీషుకు బొత్తిగా కొత్తదీ కాదు. పాతకాలపు ఇంగ్లీషులో “డౌట్” అంటే శంకించడం, అలా జరుగుతుందేమోనని భయపడడం అనే అర్థం ఉండేది. స్కాట్లండ్ వాడుకలో అది ఇప్పటికీ ఉంది. అక్కడ “ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్” అంటే వాన పడేలా ఉందని. కానీ ఆఫీసు మెయిల్ చదివేవాళ్లు ఇప్పటి సాధారణ అర్థంలోనే చదువుతారు కాబట్టి మీకు ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, సస్పెక్ట్, డౌట్ మధ్య తేడా పట్టుకుని రెండింటినీ ధైర్యంగా వాడడం. రెండోది, కొంతకాలం డౌట్‌ను పూర్తిగా పక్కన పెట్టి, అవునని తోస్తే “ఐ థింక్ ఇట్ ఈజ్”, కాదని తోస్తే “ఐ డోంట్ థింక్ ఇట్ ఈజ్” అని రాయడం. రెండో దారిలో మీ ఇంగ్లీషు కాస్త సాదాగా ఉంటుంది, కానీ ఎవరూ తిరగేసి చదవరు. అయితే ఒక చిక్కు ఉంది: వేరేవాళ్లు డౌట్ అని రాసినప్పుడు సరిగ్గా అర్థం చేసుకోవడానికైనా తేడా తెలిసి ఉండాలి. అందుకే రాయడం మానేసినా, నేర్చుకోవడం మానకండి.

ఈ “అని”, “ఓ” తేడాను గట్టిగా పట్టుకోండి. మీరు అడిగినవాటిలో సగం దీంతోనే విడిపోతాయి. థింక్, బిలీవ్, సపోజ్, అజ్యూమ్, హోప్ లాంటి క్రియల తరువాత వచ్చేది మన “అని” వాక్యం. వస్తాడని అనుకుంటున్నా, వస్తాడని నమ్ముతున్నా, వస్తాడని ఆశ. ఇంగ్లీషులో అక్కడ దట్ ఉంటుంది, లేదా దట్ దాగి ఉంటుంది. వండర్ తరువాత వచ్చేది “ఓ” వాక్యం: “ఐ వండర్ వెదర్ హి విల్ కమ్”, వస్తాడో రాడో. నో అనే క్రియ రెండింటినీ తీసుకుంటుంది. వచ్చాడని తెలుసు అంటే “ఐ నో దట్ హి కేమ్”, వచ్చాడో లేదో తెలియదు అంటే “ఐ డోంట్ నో వెదర్ హి కేమ్”. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. “వస్తాడా అని ఆలోచిస్తున్నాను” అన్నప్పుడు కూడా మనం “అని” వాడతాం. కానీ దానికి ముందు “వస్తాడా” అనే ప్రశ్న ఉంది కాబట్టి అది “ఓ” గుంపులోకే వెళుతుంది. అక్కడ “ఐ థింక్ దట్” పనికిరాదు, “ఐ వండర్ ఇఫ్” కావాలి.

ఇప్పుడు మిమ్మల్ని చూసి నవ్విన ఆ ప్రశ్న. “డు యు థింక్ వెన్ ద రిపోర్ట్ విల్ కమ్?” తెలుగులో మీరు అడగదలచుకున్నది ఏమిటి? “రిపోర్టు ఎప్పుడొస్తుందనుకుంటున్నారు?” అనే కదా. దీనికి జవాబుగా ఒక సమయం కావాలి, రేపనో ఎల్లుండనో. ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న కాబట్టి ఇంగ్లీషు దాన్ని వాక్యం మొదటికి లాగుతుంది: “వెన్ డు యు థింక్ ద రిపోర్ట్ విల్ కమ్?” అదే “రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలుసా?” అయితే ప్రశ్న తెలుసా అన్నదాని మీద ఉంది, ఎప్పుడు అన్నది లోపలే ఉండిపోతుంది: “డు యు నో వెన్ ద రిపోర్ట్ విల్ కమ్?” రెండో వాక్యం మీకు బాగా అలవాటైంది. అందులో నో తీసి థింక్ పెట్టారు, అంతే జరిగింది. నో ఉన్నచోట థింక్ పెడితే ప్రశ్న మాట ముందుకు రావాలి.

ఈ రెండు రకాల్లోనూ లోపలి వాక్యం మామూలు వాక్యంలాగే ఉండాలి. “ద రిపోర్ట్ విల్ కమ్” సరైనది, “విల్ ద రిపోర్ట్ కమ్” కాదు. ప్రశ్నకు కావలసిన తిరకాసు అంతా “డు యు థింక్” దగ్గరే అయిపోయింది. మీ పాత మెయిళ్లలో “ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద ఫైల్” అని ఒకచోట ఉంది. అది కూడా ఇదే కారణంతో “వేర్ ద ఫైల్ ఈజ్” కావాలి.

ఐ యామ్ థింకింగ్ విషయం చిన్నదే. మనం “అనుకుంటున్నాను” అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ “ఇంగ్” తగిలిస్తాం. కానీ అభిప్రాయం చెప్పేటప్పుడు థింక్, బిలీవ్, నో లాంటివి ఒక స్థితిని చెబుతాయి, జరుగుతున్న పనిని కాదు. అందుకే “ఐ థింక్ ద టోటల్ ఈజ్ రాంగ్”. నిజంగా కూర్చుని ఆలోచిస్తున్నప్పుడు మాత్రం “ఐ యామ్ థింకింగ్ అబౌట్ ద టోటల్” అనవచ్చు, అది తప్పు కాదు. మిమ్మల్ని సరిదిద్దినవారు చెప్పింది సరైనదే. నలుగురిలో మాటకు అడ్డుపడి చెప్పకుండా ఉండాల్సింది, ఆ విషయంలో మీకు కలిగిన బాధ నాకు అర్థమవుతోంది.

ఇక దట్ దగ్గరకు వద్దాం. అన్నయ్యకూ స్నేహితురాలికీ మధ్య మీరు నలిగిపోతున్నారు. ఇద్దరూ తమ తమ చోట సరిగ్గానే చెబుతున్నారు. ఇద్దరి మాటా అన్నిచోట్లా చెల్లదు. దాదాపు 4 కోట్ల పదాల మాటలూ రాతలూ సేకరించి, వాటి ఆధారంగా తయారుచేసిన లాంగ్‌మన్ వ్యాకరణం 1999లో వచ్చింది. అందులో తేలినది ఇది: మామూలు సంభాషణలో దట్‌ను వదిలేయడమే రివాజు, పరిశోధన వ్యాసాల్లాంటి రాతలో ఉంచడం రివాజు. ప్రధాన క్రియ థింక్ అయితే, ఐ, వి లాంటి సర్వనామాలు కర్తలుగా ఉంటే దట్ ఇంకా తేలిగ్గా జారిపోతుంది. “ఐ థింక్ హి ఈజ్ ఆన్ లీవ్” పూర్తి వాక్యమే, అందులో లోపం లేదు. దట్ లేనిది వాక్యమే కాదన్న మాట పరీక్ష పేపరు దిద్దేటప్పటి అలవాటు నుంచి వచ్చి ఉండవచ్చు. అలా అన్నయ్యతో వాదనకు దిగమని నేను చెప్పను. ఆయన చెప్పినట్టు రాస్తే రాతలో ఎప్పుడూ దెబ్బ తినరు, కొంచెం బిగుసుకున్నట్టు ఉంటుంది, అంతే.

అయితే దట్ తీసేస్తే చదివేవాళ్లు తడబడే చోట్లున్నాయి. మీ మెయిల్ ఒకటి చూడండి: “వి బిలీవ్ ద వెండర్ సెంట్ ద రాంగ్ బిల్.” చదివేవారి కన్ను “వి బిలీవ్ ద వెండర్” దాకా రాగానే, వెండర్‌ను నమ్ముతున్నాం అని అర్థం చేసుకుంటుంది. తరువాత “సెంట్” కనపడగానే ఉలిక్కిపడి వెనక్కి వెళుతుంది. బిలీవ్‌కు మనిషిని గానీ మాటను గానీ నేరుగా కర్మగా తీసుకునే గుణం ఉంది కాబట్టి ఈ తడబాటు. “వి బిలీవ్ దట్ ద వెండర్ సెంట్ ద రాంగ్ బిల్” అంటే అలాంటి ఇబ్బంది ఉండదు. డబ్బు వ్యవహారం రాసే మెయిల్‌లో, అందులోనూ వెండర్ చదివే అవకాశమున్న మెయిల్‌లో, ఆ ఒక్క మాట పెట్టడం నయం. నో, అండర్‌స్టాండ్ విషయంలోనూ ఇంతే. థింక్‌తో ఈ బెడద తక్కువ, ఎందుకంటే “ఐ థింక్ ద వెండర్” అని ఆగిపోయే వాక్యం మామూలుగా ఉండదు.

కాలం చెప్పే మాట మధ్యలో దూరినప్పుడూ దట్ కావాలి. “ఐ రియలైజ్డ్ ఆన్ ఫ్రైడే ద అమౌంట్ వాజ్ చేంజ్డ్” అని రాశారు. శుక్రవారం తెలిసిందా, శుక్రవారం మారిందా? ఫ్రైడే తరువాత దట్ పెడితే తెలిసింది శుక్రవారమని స్పష్టమవుతుంది. ఫ్రైడే ముందు పెడితే మారింది శుక్రవారమని. లెక్కల పనిలో ఈ తేడా ఎంత ముఖ్యమో నాకంటే మీకే బాగా తెలుసు. రెండు విషయాలను అండ్‌తో కలిపినప్పుడు కూడా రెండోదానికి ముందు దట్ పెట్టండి. లేకపోతే రెండోది మీ అభిప్రాయమో, తేలిపోయిన నిజమో తెలియదు.

దట్ అసలు పెట్టకూడని చోటు కూడా ఒకటుంది. ఎవరు చేశారనుకుంటున్నారు అని అడగాలంటే “హూ డు యు థింక్ చేంజ్డ్ ద షీట్?” అనాలి. “హూ డు యు థింక్ దట్ చేంజ్డ్ ద షీట్?” అనేది ఇంగ్లీషు చెవికి చాలామట్టుకు పడదు. ఇక్కడ మాత్రం అన్నయ్య సూత్రం పాటిస్తే తప్పవుతుంది. ఈ వాక్యం ఆయనకే చూపించి అడగండి, ఆయనకూ ఆసక్తిగా ఉంటుంది.

మేనేజరు మాట గురించి నాకు కొంచెం గట్టి అభిప్రాయం ఉంది. ఐ థింక్ అన్నిచోట్లా బలహీనత కాదు. అది వాక్యంలో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి పని మారుతుంది. “ఐ థింక్ వి షుడ్ హోల్డ్ ద పేమెంట్” అన్నప్పుడు అది మీ నిర్ణయాన్ని మర్యాదగా ముందుపెట్టడం, అందులో తడబాటు లేదు. “ద పేమెంట్ వెంట్ అవుట్ ఆన్ ఫ్రైడే, ఐ థింక్” అని చివర తగిలిస్తే మాత్రం, గుర్తున్నంతవరకు చెబుతున్నాను, సరిచూడలేదు అని అర్థం. ఉర్మ్‌సన్ అనే తత్వవేత్త 1952లో ఒక వ్యాసంలో ఇలాంటి క్రియలను విడిగా ఒక గుంపు చేసి చర్చించాడు. ఇవి మనసులో జరిగేదాన్ని వర్ణించడానికి కాదని, చెబుతున్న మాటను ఎంత గట్టిగా తీసుకోవాలో వినేవారికి సూచించడానికని ఆయన వాదన. మీ మెయిళ్లు చదివాక నాకు అది నిజమనిపించింది. అందుకే ఐ థింక్‌ను మొత్తంగా తుడిచేయమంటే, ఆ సూచన కూడా తుడిచిపెట్టుకుపోతుంది. మీ అంచనా, మీరు సరిచూసిన అంకె రెండూ ఒకేలా కనపడతాయి. రేపు అంచనా తప్పితే మళ్లీ “మీరే రాశారు కదా” అంటారు.

మేనేజరు చెప్పినదాంట్లో తీసుకోవాల్సింది కూడా ఉంది. మీరు పంపిన ఒక మెయిల్‌లో “ఐ థింక్ ద టోటల్ ఈజ్ రాంగ్ బై వన్ ఎంట్రీ” అని ఉంది. ఆ ఎంట్రీ ఏదో మీరు అప్పటికే పట్టుకున్నారని కింద పేరాలో తెలుస్తోంది. చేతిలో ఆధారం పెట్టుకుని అనుకుంటున్నాను అనడం దేనికి? అక్కడ ఆధారాన్నే కర్తను చేయండి: “ద లెడ్జర్ షోస్ దట్ వన్ ఎంట్రీ ఈజ్ మిస్సింగ్.” సరిచూసినదానికి షోస్ గానీ, నేరు వాక్యం గానీ వాడండి. మీ అంచనాకు ఐ థింక్ వాడండి. ఇలా చేస్తే మేనేజరుకు ఐ థింక్‌లు తగ్గినట్టు కనిపిస్తాయి, మీకు అవసరమైన చోట అవి మిగులుతాయి. ఆయన మాట అక్షరాలా పాటించి అన్నీ తీసేయడం కూడా ఒక దారే. మొదట్లో మెచ్చుకుంటారు, కానీ ప్రతి అంచనాకూ మీరే పూచీ పడాల్సి వస్తుంది. ఐ థింక్ తీసి ఐ బిలీవ్ పెట్టడం వల్ల మాత్రం పెద్దగా ఒరిగేది లేదు. బిలీవ్ కొంచెం లాంఛనంగా వినిపిస్తుంది గానీ, మెయిల్‌లో “ఐ బిలీవ్ ద ఫైల్ ఈజ్ విత్ యు” అంటే అందులో నమ్మకం బలం ఏమీ ఉండదు, నాకు తెలిసినంతవరకు అనే అర్థమే. గెస్ అమెరికన్ల మాటల్లో ఎక్కువ, అది మెయిల్‌కు మరీ తేలిక. సపోజ్‌లో సరేలే అన్న అయిష్టం తొంగిచూస్తుంది, పైవాళ్లకు రాసేటప్పుడు ఆలోచించి వాడండి.

ఒకటి చెప్పాలనిపిస్తోంది. పాత ఇంగ్లీషులో ఆలోచించడానికి ఒక క్రియ, అనిపించడానికి మరో క్రియ విడివిడిగా ఉండేవి. రానురాను వాటి రూపాలు కలిసిపోయాయి. “మీథింక్స్” అనే పాత మాట ఆ రెండో క్రియ తాలూకుదే, దాని అర్థం “నాకు అనిపిస్తోంది”. అచ్చం మన వాక్యంలాగే అక్కడా “నాకు” ఉంది. ఇప్పటి ఐ థింక్ ఆ రెండు బరువులూ మోస్తోంది. మీరు తెలుగులో “అనుకుంటున్నాను”, “అనిపిస్తోంది” అని వేరుగా చెప్పేవన్నీ అందులోనే ఇమడాలి. అందుకే అది మీ మెయిళ్లలో అన్నిసార్లు వస్తోంది. దానికి మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

కాదు అని చెప్పేటప్పుడు లేదన్న మాట ఎక్కడ పెట్టాలన్నది మీరు అడగలేదు గానీ, మీ మెయిళ్లలో “ఐ థింక్ ఇట్ ఈజ్ నాట్ కరెక్ట్” పదేపదే ఉంది. అది తప్పు కాదు. కానీ ఇంగ్లీషులో ఎక్కువమంది “ఐ డోంట్ థింక్ ఇట్ ఈజ్ కరెక్ట్” అంటారు. లోపల ఉండాల్సిన కాదును బయటి క్రియకు తెచ్చి అతికించడమన్నమాట. డెన్మార్క్ వ్యాకరణవేత్త యెస్పర్సన్ 1917లోనే ఇంగ్లీషులోని ఈ అలవాటు గురించి రాశాడు. మనకూ ఇది ఉంది: “వాడు రాడనుకుంటా” అనీ అంటాం, “వాడు వస్తాడనుకోను” అనీ అంటాం. రెండోది కొంచెం మెత్తగా ఉంటుంది. పైవాళ్ల లెక్క తప్పని చెప్పాల్సినప్పుడు ఐ డోంట్ థింక్ మీకు బాగా పనికొస్తుంది. ఇది థింక్, బిలీవ్, సపోజ్, ఎక్స్‌పెక్ట్ లాంటి వాటితోనే సాగుతుంది. హోప్‌తో సాగదు, ఆలస్యం కాకూడదని ఆశించేటప్పుడు “ఐ హోప్ ఇట్ ఈజ్ నాట్ లేట్” అనే అనాలి. నో‌తో అయితే అర్థమే మారిపోతుంది. “ఐ నో హి డిడ్ నాట్ సైన్” అంటే సంతకం పెట్టలేదని నాకు తెలుసు. “ఐ డోంట్ నో దట్ హి సైన్డ్” అంటే పెట్టాడని నేను చెప్పలేను. పొట్టి జవాబుల్లోనూ అంతే: “ఐ డోంట్ థింక్ సో”, కానీ “ఐ హోప్ నాట్”.

కాలం విషయం ఇంకొకటి. “వస్తాడనుకున్నాను” అన్నప్పుడు మన లోపలి వాక్యం “వస్తాడు” అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో థాట్ అనగానే లోపలిది కూడా వెనక్కి జరుగుతుంది: “ఐ థాట్ హి వుడ్ కమ్”. మీరు “ఐ థాట్ హి విల్ కమ్” అని రాస్తున్నారు. ఇది అలవాటైతే వచ్చేస్తుంది. అంతకంటే చూసుకోవాల్సింది థాట్ ఇచ్చే ధ్వని. “ఐ థాట్ యు హ్యాడ్ సెంట్ ఇట్” అంటే, పంపి ఉంటారనుకున్నాను, మరి పంపలేదే అన్న నిష్ఠూరం వినిపిస్తుంది. ఊరికే కనుక్కోవడానికైతే “హావ్ యు సెంట్ ఇట్?” చాలు.

జరిగింది మేనేజరుకు చెప్పాలా అన్నారు. వదిలేస్తే గొడవ లేదు, నలుగురూ మర్చిపోతారు కూడా. కానీ షీట్‌ను ముందుగా పసిగట్టింది మీరన్న సంగతి కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది. ఏడాది చివర మీ పని గురించి మాట్లాడేటప్పుడు అది మీకు అడ్డు రావచ్చు. టీమ్ అందరికీ సవరణ మెయిల్ పెడితే లెక్క తేలుతుంది గానీ, ముగిసిన విషయాన్ని మళ్లీ తవ్వినట్టు ఉంటుంది, వెతికి అలసిపోయినవాళ్లకు చిరాకు రావచ్చు. మేనేజరు ఒంటరిగా ఉన్నప్పుడు రెండు నిమిషాలు మాట్లాడడం మూడో దారి. నాకు ఇదే మేలనిపిస్తోంది, అయినా ఆయన స్వభావం మీకు తెలుసు కాబట్టి నిర్ణయం మీది. వెళితే సంజాయిషీ పెంచకుండా ఇంత చెప్పండి: “వెన్ ఐ రోట్ ‘ఐ డౌట్’, ఐ మెంట్ ‘ఐ సస్పెక్ట్’. ఐ థాట్ ద న్యూ షీట్ వాజ్ ద కాజ్.” ఇంగ్లీషులో చెప్పడానికి నోరు రాకపోతే, ఆయనకు తెలుగు వచ్చినట్లయితే, తెలుగులోనే చెప్పండి. మీటింగుల్లో మళ్లీ నోరు విప్పడానికి కూడా అదే మంచి మొదలు. మౌనంగా ఉంటే తప్పులు దొర్లవు నిజమే. కానీ ఈసారి తప్పు షీట్ మీ కంటబడితే టీమ్‌కు తెలిసే దారి ఉండదు.

కోర్సు సంగతి: చేరితే నష్టం లేదు, నలుగురితో మాట్లాడే అలవాటు వస్తుంది. కానీ మామూలు కోర్సుల్లో ఎక్కువ సమయం మీకు వచ్చినవాటి మీదే పోతుంది. మీ ఇబ్బంది చాలా చిన్న మేరలో ఉంది: అనుకోవడం, నమ్మడం, అనుమానించడం, తెలియడం చెప్పే పదీ పన్నెండు క్రియలు, వాటి తరువాత వచ్చే వాక్యం. మీరు పంపిన మెయిళ్లు తెరిచి ఆ క్రియల కింద గీత పెట్టుకుని, పక్కన తెలుగులో మీరు అనదలచుకున్నది రాయండి. “అని” వచ్చిందా, “ఓ” వచ్చిందా చూడండి. ఆ కాగితాలు పట్టుకుని ఒక సాయంత్రం అన్నయ్య దగ్గర కూర్చోండి. దట్ గురించి మీరిద్దరూ ఏకీభవించకపోయినా, మిగతా అన్నింట్లో ఆయన సాయం మీకు ఏ కోర్సు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. అది చేశాక కూడా తడబాటు ఉంటే అప్పుడు కోర్సు గురించి ఆలోచించండి.

తమ్ముడి మెసేజ్ విషయం. “ఐ బిలీవ్ యు” అంటే నువ్వు చెప్పింది నిజమని నమ్ముతున్నాను. “బాగానే చదివాను అక్కా” అని అతను అంటే, దానికి జవాబుగా అది సరిపోతుంది. “ఐ బిలీవ్ ఇన్ యు” అంటే నీ మీద, నీ సత్తా మీద నాకు నమ్మకం ఉందని. భయపడుతున్నవాడికి ధైర్యం చెప్పడానికి మీకు కావలసింది ఇదే. ఈ ఇన్ తరువాత పేరో సర్వనామమో రావాలి గానీ దట్‌తో వాక్యం రాదు. అందుకని దాన్ని పొడిగించి “ఐ బిలీవ్ ఇన్ దట్ యు విల్ పాస్” అని పెట్టకండి. పాసవుతావని కూడా చెప్పాలనుకుంటే ఇన్ తీసేసి “ఐ బిలీవ్ యు విల్ పాస్” అని విడిగా రాయండి. దట్ అక్కర్లేదు, అది అక్క తమ్ముడికి పెట్టే మెసేజే కదా.